కిష్టమ్మ ఎక్కిన బగ్గీ

హైటెక్ సిటీలో అద్దాల భవనాలను చూసి అబ్బురపడేవాళ్లకు వాటి కింద గుట్టలున్న సంగతి గుర్తుండదు. రాయిని పేల్చి, దొరికినంత చదును చేసి, మిగిలిన ఎత్తుపల్లాల మీద గడ్డి పరిచి, దానికి క్యాంపస్ అని పేరు పెట్టారు. మొగిలి పనిచేసే క్యాంపస్ కూడా అలాంటిదే. గేటు కింద ఉంటుంది. అందరూ పై బ్లాకు అని పిలిచే చివరి భవనం గుట్ట నెత్తిన ఉంటుంది. మధ్యలో రెండు మలుపుల రోడ్డు. మెడలో కార్డులు వేసుకున్నవాళ్లకు ఆఫీసు చేరేలోపు చెమట పట్టకూడదని అక్కడ ఒక బ్యాటరీ బగ్గీ పెట్టారు. ఎక్కడో పెద్దమనుషులు గోల్ఫ్ ఆడుతూ పచ్చిక మీద తిరగడానికి తయారైన బండి అది. ఇక్కడికొచ్చి మనుషులను గుట్టెక్కించే పనిలో పడింది. దాని డ్రైవరు మొగిలి.

మొగిలిది జనగామ దిక్కు ఒక చిన్న ఊరు. బోర్లు ఎండిపోయిన ఏడాది పెళ్లాం కిష్టమ్మను వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. మొదట పని దొరికింది ఈ గుట్ట మీదే. అప్పుడిక్కడ గేటు లేదు, రోడ్డు లేదు. మొగిలి కాంక్రీటు కలిపాడు, కిష్టమ్మ ఇటుకలు మోసింది. తట్ట నెత్తిన పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, మేస్త్రీతో వాదులాడుతూ గుట్టెక్కేది. ఆ సంగతి ఎవరికి చెప్పినా మొగిలి ‘తట్ట మీద చెయ్యి పెట్టేది కాదు’ అన్న మాట దగ్గర ఆగి, ఎదుటివాళ్ల మొహం చూసేవాడు. భవనాలు లేచాయి. కట్టినవాళ్లలో చాలామంది ఇంకో గుట్టను వెతుక్కుంటూ పోయారు. వీళ్లిద్దరూ ఇక్కడే నిలిచిపోయారు. అతను కొన్నాళ్లు వాచ్‌మన్‌గా ఉండి బగ్గీ డ్రైవరయ్యాడు. ఆమె హౌస్‌కీపింగ్‌లో చేరి, తను ఇటుకలు మోసిన పై బ్లాకులోనే నేల తుడిచే పనికి కుదిరింది.

ఆ తట్ట మోసిన మనిషికి కొన్నేళ్లుగా ఖాళీ చేతులతో కూడా గుట్ట ఎక్కడం కష్టమైపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెద్ద దవాఖానలో చూపిస్తే గుండెలో ఒక కవాటం సన్నబడిందన్నారు. ఆపరేషన్ చేయాలి, వంతు వచ్చినప్పుడు కబురు చేస్తాం, అందాకా మందులు వేసుకో, ఎత్తులు ఎక్కకు అని చెప్పి పంపించారు. ఎత్తులు ఎక్కకపోతే కిష్టమ్మకు పని లేదు. పై బ్లాకు ఎత్తు మీదే ఉంది మరి. కూతురు ప్రవళిక హాస్టల్లో ఉండి నర్సింగు ఆఖరి ఏడాది చదువుతోంది. అంతకుముందు డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయిన ఒకామెను కాంట్రాక్టరు రేపటి నుంచి రావొద్దన్నాడు. అందుకని కిష్టమ్మ తన జబ్బు సంగతి దాచిపెట్టింది. మొగిలికి తెలుసు, తోటి పనిమనిషి ఎల్లమ్మకు తెలుసు. మూడో మనిషికి తెలియనివ్వలేదు.

ఇక బగ్గీ ఎక్కవచ్చు కదా అంటారేమో. ఎక్కకూడదు. బగ్గీ ఉద్యోగులకూ అతిథులకూ మాత్రమే. హౌస్‌కీపింగు, సెక్యూరిటీ, తోటపనివాళ్లు నడవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, బండి వెనకాల స్టిక్కరు మాత్రం ఉంది. కుర్చీలో కూర్చునేవాళ్లకు కాళ్లు నొస్తాయి, పొద్దంతా నిలబడేవాళ్లకు నొయ్యవని పెట్టినవాళ్ల లెక్క కాబోలు.

అయినా కిష్టమ్మ ఎక్కింది. ఎలా ఎక్కిందో చెప్పాలంటే బ్యాటరీల గురించి చెప్పాలి.

బగ్గీ సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు ఉండేవి. నీళ్ల బ్యాటరీలు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. తీగలు బిగించే మొనల మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లతో కడిగి వాజిలైన్ రాయాలి. రాత్రంతా చార్జింగు పెట్టాలి. ఇదంతా పార్కింగు అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో జరిగేది. లోపలికి వెళ్తే కుళ్లిన గుడ్ల వాసన. యాసిడ్ చుక్కలు పడి మొగిలి చొక్కాలన్నీ జల్లెడలయ్యాయి. అరచేతులు పగిలాయి. దగ్గు పట్టుకుంది. ఒకసారి చుక్క ఎగిరి కంటి కింద పడితే అక్కడ చర్మం నల్లబడి అలాగే ఉండిపోయింది.

ఆ బ్యాటరీలు పాతబడ్డాక ఒకరోజు పరువు తీశాయి. ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులతో బండి రెండో మలుపులో ఆగిపోయి మెల్లగా వెనక్కి జారింది. నీళ్ల బ్యాటరీ పాతదైతే అంతే. ఊరికే నిలబెడితే మీటరు ముల్లు నిండుగా చూపిస్తుంది. బరువు వేసుకుని ఎత్తెక్కేటప్పుడే దాని సంగతి బయటపడుతుంది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టారు. పొద్దున డ్యూటీ మొదలవకముందు మొగిలి ఇసుక బస్తాలు వేసుకుని పై బ్లాకు దాకా ఒకసారి పోయి రావాలి. ఎక్కితే ఆ రోజుకు బండి పనికొచ్చినట్టు. దాన్ని ట్రయల్ రౌండు అనేవారు.

ఒక పొద్దున ట్రయల్‌కు ముందు బస్తా చినిగి ఇసుకంతా సీటు మీద పడింది. తిట్టుకుంటూ దులుపుతున్న మొగిలి తలెత్తి చూస్తే, గేటు దాటి కొంచెం దూరం పోయిన కిష్టమ్మ దీపస్తంభం పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది. మొగిలికి అప్పుడు తట్టింది. కావలసింది బరువు. అది ఇసుకే కావాలని ఎవరన్నారు?

బండి తీసుకెళ్లి ఆమె పక్కన ఆపాడు. “ఎక్కవే.”

“ఎవరన్న జూస్తే?”

“జూడనియ్. బస్తా చినిగింది. బరువు కావాలె. ఎక్కు.”

“అంటే? నేను ఇసుక బస్తానా?”

“బస్తా అయితే నోరు మూసుకోని కూసుంటుండె. ఎక్కు జల్ది.”

కిష్టమ్మ నవ్వింది. ఆయాసంలో ఆ నవ్వు దగ్గులా వచ్చింది. కొంగు సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది. పై బ్లాకు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు ఇదేంటని అడిగితే మొగిలి మొహం గంటు పెట్టుకుని, “లోడ్ చెక్ సార్” అన్నాడు. ఆ మాటలో ఇంగ్లీషు ఉండడం వల్లనో ఏమో, ఆఫీసరు మళ్లీ అడగలేదు.

ఆ రోజు నుంచి ఇసుక బస్తాలు రెండు తగ్గాయి, కిష్టమ్మ ఎక్కింది. మొగుడి బండే కదా అని మిగతా ఆడవాళ్లు గేటు దగ్గరే ఆమెను ముందుకు తోసేవాళ్లు. “నువ్వు వోవే అక్కా, మేం మెల్లగ వస్తం” అనేది ఎల్లమ్మ. లింగంపల్లిలో వాళ్లుండే గది నుంచి షేర్ ఆటోలో వచ్చేటప్పుడు పక్కన పరాయివాళ్లు. రాత్రి ఇంటికి చేరితే ఒళ్లు అలసట. మొగుడూ పెళ్లాలు నింపాదిగా మాట్లాడుకోవడానికి దొరికింది ఆ రెండు మలుపుల రోడ్డే. ఇక్కడ పెద్ద బండరాయి ఉండేదని, అక్కడ తను మేస్త్రీని చెప్పుతో కొడతానన్నదని, ఆ మూల నీడలో ప్రవళికకు చీర ఉయ్యాల కట్టిందని కిష్టమ్మ చెబుతూ ఉండేది. అన్నీ మొగిలికి తెలిసినవే. అయినా మలుపు దగ్గర బండి ఇంకా నెమ్మది చేసేవాడు. ఎవరన్నా చూస్తే బ్యాటరీ వీకయిందనుకునేవాళ్లు.

ఆ మాటా నిజమే, బ్యాటరీలు నిజంగానే అయిపోవచ్చాయి. మధ్యాహ్నానికే బండి నీరసించేది. మార్చక తప్పదని ఫెసిలిటీ మేనేజరు దినేష్ అన్నాడు. దినేష్ తెనాలి వైపు అబ్బాయి. తోటమాలిని కూడా గారూ అని పిలుస్తాడు. ఆయన మంచివాడు కావడమే ఇందులో వచ్చిన చిక్కు. చెడ్డవాడై ఉంటే మొగిలి ఇవాళ కడుపారా తిట్టుకుని కొంత ఊరట పొందేవాడు.

బ్యాటరీలమ్మే అతను వచ్చి మూడు రకాలు చెప్పాడు. ఒకటి ఇప్పుడున్నట్టే నీళ్లు పోసేవి. రెండోది మూత మూసేసి వచ్చేవి, నీళ్లక్కర్లేదు గానీ ఎండకు తొందరగా పోతాయి. మూడోది లిథియం. ఒకటే పెట్టె, బరువు తక్కువ, నీళ్లు లేవు, వాసన లేదు, భోజనం చేసి వచ్చేలోపు సగానికి పైగా చార్జింగు ఎక్కుతుంది. ఎంత మిగిలి ఉందో బండి మీదా, మేనేజరు ఫోన్లోనూ అంకెల్లో కనిపిస్తుంది. ఆఖరి బొట్టు దాకా ఒకే బలంతో ఎక్కుతుంది.

“అంటే పొద్దున్నే ఆ ట్రయల్ రౌండు గొడవ కూడా ఉండదన్నమాట” అన్నాడు దినేష్ సంతోషంగా.

ట్రయల్ లేకపోతే కిష్టమ్మ బండి ఎక్కే దారి లేదు. దినేష్ అతని వైపు తిరిగాడు. “రోజూ బండితో ఉండేది మీరేనండి మొగిలి గారూ. మీరు చెప్పండి, ఏది వేయిద్దాం?”

మొగిలి అబద్ధాలాడని మనిషేం కాదు, కానీ అంత గట్టిగా ఎప్పుడూ ఆడలేదు. “నీళ్లయే మంచియి సార్. మనకు అలవాటైనయ్. గా లిథియం పేలుతదంట. ఫోన్లు పేల్తలేవా? దాని మీదనే మనుషులు కూసుంటరు. రేపు ఏమన్న అయితే మీకే పరేషాన్.”

అమ్మే అతను ఇది ఆ రకం కాదని, అలా పేలదని ఓపికగా చెప్పాడు. మొగిలి వినలేదు. ఎండాకాలం అన్నాడు, వానాకాలం అన్నాడు, చెడిపోతే బాగుచేసేవాడు దొరకడన్నాడు. తన దగ్గు అప్పుడే రావాలా, రెండుసార్లు మాటకు అడ్డం పడింది. దాన్ని మింగి మళ్లీ చెప్పాడు. చివరికి దినేష్, “సరేనండి, మీ మాటే కానిద్దాం. రేపు ఆర్డరు పెడతాను” అన్నాడు. మొగిలి బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం ఉంది. దానితోపాటు అన్నం పెట్టినవాడిని మోసం చేసిన సిగ్గు కూడా ఉంది.

ఒక్క మాట చెబితే పోయేది కదా అని ఇప్పుడు మనం అనవచ్చు. సార్, నా పెళ్లానికి గుండెజబ్బు, బండి ఎక్కనివ్వండి అంటే దినేష్ కాదనేవాడా? అనేవాడు కాదు. కానీ ఆ మాట దినేష్ నుంచి ఎవరి చెవిన పడుతుందో, ఎక్కడ చేరి కిష్టమ్మ పని పోతుందో అని మొగిలి భయం. పని దొరకడానికి జబ్బు దాచాలి, పని నిలబెట్టుకోవడానికీ జబ్బు దాచాలి. ఇన్నేళ్ల పట్నం వాళ్లకు నేర్పింది అదే.

ఆ సాయంత్రం ఇంట్లో కిష్టమ్మ అతని అరచేతులకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది.

“నీళ్లు వొయ్యని బ్యాటరీలు వస్తయంట గదా. సార్ క్యాబిన్ తుడుస్తుంటె ఇన్న.”

“వస్తయ్. మంచియి గావు.”

“ఎందుకు మంచియి గావు?”

“నీకు తెల్వది తియ్.”

“నాకు తెల్వంది నువ్వే చెప్పు. గీ చేతులు జూడు. అన్నం గలుపుకుంటె మంటని చెంచాతోని తింటున్నవ్. రాత్రి నువ్వు దగ్గుతుంటె నాకు నిద్ర వడ్తలేదు. గా రూముల ఇంకెన్నేండ్లు కూసుంటవ్?”

ఆమె నూనె రాయడం ఆపి మొహంలోకి చూసింది.

“నాకు నడక రాదనుకున్నవా? గా గుట్ట నాకేమన్న కొత్తనా?”

“ఊకో. పండుకో ఇగ” అని అతను చేతులు లాక్కున్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. కిష్టమ్మ వాదన ఆపిందంటే ఓడిపోయినట్టు కాదని ఇన్నేళ్ల కాపురంలో అతనికి తెలిసి ఉండాలి. ఆ రోజు మాత్రం తోచలేదు.

నీళ్ల బ్యాటరీలు వస్తాయని మొగిలి ఎదురుచూస్తుంటే, ఒకరోజు ఆటో ట్రాలీలోంచి ఒకే పెట్టె దిగింది. లిథియం. దినేష్ దగ్గరుండి బిగింపించి, “మీరు వద్దన్నారు గానీ, నేను మళ్లీ ఆలోచించానండి. కొన్నాళ్లు వాడి చూడండి, మీరే మెచ్చుకుంటారు” అని భుజం తట్టాడు. ఎందుకు మళ్లీ ఆలోచించాడో చెప్పలేదు. పాత బ్యాటరీలను తుక్కువాడు పట్టుకెళ్లాడు. ఇసుక బస్తాలను తోటమాలి మొక్కలకు వాడుకున్నాడు. చార్జింగు గదికి తాళం పడింది.

మొగిలి ఇంకో దారి వెతికాడు. డ్యూటీకి ముందే బండి తీసి ఒక్కసారి పైకి పోయి వద్దామనుకున్నాడు. కానీ బండి కదిలితే మేనేజరు ఫోన్లో గీత పడుతుంది. ఎప్పుడు కదిలింది, ఎక్కడ ఆగింది, అన్నీ. పైగా ఇప్పుడు బండికి ముందస్తు పరీక్ష లేదు కాబట్టి డ్యూటీ కూడా పెందలాడే మొదలుపెట్టించారు. మొగిలి గేటు దగ్గరికి వచ్చేసరికే మెట్రో దిగి, బస్సు దిగి వచ్చినవాళ్లు వరుసలో ఉండేవాళ్లు.

కిష్టమ్మ నడిచేది. కొంత దూరం నడిచి ఆగేది, మళ్లీ నడిచేది. డ్యూటీకి ఆలస్యం కాకూడదని ముందు ఆటోకే వచ్చేసేది. మొగిలి నిండు బండితో ఆమె పక్కనుంచే పోవాల్సి వచ్చేది. మొదటి రోజు ఆపబోయాడు. ఆమె చెయ్యి ఊపింది, పో పో అని. రోజూ అదే. అతను దగ్గరికి వస్తున్నాడని తెలిస్తే చాలు, నడుం నిటారుగా పెట్టి, ఏమీ లేనట్టు నడిచేది. బండి మలుపు తిరిగాక అద్దంలో చూస్తే మళ్లీ స్తంభం పట్టుకుని ఉండేది.

“కోనేటి గట్టు మీద నడిచినట్టు నడుస్తున్న. ఫికర్ చెయ్యకు” అనేది ఇంట్లో. అతని చేతులు తిప్పి చూసి, “మానుతున్నయ్ సూడు” అని మురిసిపోయేది. నిజంగానే మానాయి. దగ్గు తగ్గింది. ఆమె ఉతికిన చొక్కాలకు కొత్త చిల్లులు పడలేదు. మొగిలికి ఆ చేతులను చూస్తే ఒళ్లు మండేది. మేనేజరును తిట్టేవాడు. ఫోన్లో గీతలు చూసుకునేవాడికి మనుషుల కష్టం ఏం తెలుసని విసుక్కునేవాడు. కిష్టమ్మ వినీ విననట్టు కూరగాయలు తరుక్కునేది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున అది జరిగింది. రాత్రంతా కురిసి అప్పుడే వెలిసింది. రోడ్డు తడిగా ఉంది. మొగిలి నిండు బండితో మొదటి మలుపు దాటాడు. కిష్టమ్మ ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఉంది. ఎప్పుడూ అలా కూర్చోలేదు. నిలబడి ఆగేదే తప్ప కూర్చునేది కాదు. మొగిలి బ్రేకు మీద కాలు పెట్టాడు. వెనక సీట్లో ఎవరో ఫోన్లో, “మీటింగ్‌లో జాయిన్ అవుతున్నా, టూ మినిట్స్” అంటున్నారు. కిష్టమ్మ అతన్ని చూసింది. నవ్వింది. చెయ్యి పైకెత్తి ఊపింది, పో పో అని.

అతను పోయాడు.

ఈ ఒక్క మాటనే మొగిలి తర్వాత ఎంతమందికో చెప్పాడు. “పొమ్మన్నది, పోయిన.” విన్నవాళ్లు నీ తప్పేముందని అన్నారు. తప్పు లేదని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఒప్పుకోదు.

పై బ్లాకు దగ్గర జనాన్ని దించీ దించకముందే బండి వెనక్కి తిప్పాడు. వచ్చేసరికి కిష్టమ్మ ఎల్లమ్మ ఒడిలో ఉంది. పెదాలు నల్లబడ్డాయి. తోటి ఆడవాళ్లు అరికాళ్లు రుద్దుతున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి బగ్గీ సీట్లో పడుకోబెట్టారు. ఎల్లమ్మ కిష్టమ్మ తల కదలకుండా పట్టుకుంది. కొత్త బ్యాటరీ కదా, బండి ఎక్కడా తడబడలేదు, వాయువేగంతో గేటుకు చేరింది. గేటు దగ్గర అంబులెన్సు ఎక్కించేటప్పటికే మొగిలికి తెలిసిపోయింది. ఆసుపత్రివాళ్లు లోపలికి తీసుకెళ్లి, బయటికొచ్చి చెప్పిన మాటలో కొత్తగా వినడానికేమీ లేదు. ఆపరేషన్ వంతు కబురు ఇంకా రానే లేదు.

ఊళ్లో దినాలు అయ్యాక మొగిలి మళ్లీ పనికి వచ్చాడు. రాక ఏం చేస్తాడు? ప్రవళిక చదువు ఆగకూడదన్నది కిష్టమ్మ కోరిక. దినేష్ ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. మనసులో మాత్రం రోజూ ఆయనతోనే పోట్లాట. నువ్వు కాదూ ఆ పెట్టె తెచ్చింది, నువ్వు కాదూ ట్రయల్ మాన్పించింది, నేను వద్దని మొత్తుకుంటే విన్నావా అని. ఆ పోట్లాటే అతన్ని నిలబెట్టింది. కోపం ఉన్నంతసేపు ఏడుపు రాదు.

దినేష్ ఒకరోజు తనే క్యాబిన్‌లోకి పిలిచి కూర్చోమన్నాడు. మొగిలి కూర్చోలేదు.

“ఆవిడకు గుండెజబ్బని ఎల్లమ్మగారు చెప్పేదాకా నాకు తెలియదండి. ఎందుకు చెప్పలేదు మొగిలి గారూ?”

“చెప్తే పని తీసేస్తరు సార్. బ్యాటరీలు మార్చొద్దని మొత్తుకున్న గదా. మీరు ఇన్లేదు.”

దినేష్ బల్ల మీదకి చూస్తూ చెప్పాడు. “నీళ్ల బ్యాటరీలకే ఆర్డరు రాశానండి. పంపేలోపు ఆవిడ వచ్చారు. ఇక్కడే, తుడుపు కర్ర గోడకు ఆనించి నిలబడ్డారు. ‘మా ఆయన చేతులు ఒక్కసారి చూడుండ్రి సార్, ఆ గదిల దగ్గి దగ్గి చచ్చేటట్టున్నడు, నీళ్లు వొయ్యని బ్యాటరీలు ఏయించుండ్రి’ అన్నారు. ఆయన వద్దంటున్నాడు కదమ్మా అంటే, ‘ఆయన అట్లనే అంటడు, ఆయన మాట ఇనకుండ్రి, నేనొచ్చిన సంగతి చెప్పకుండ్రి’ అన్నారు. నేను మంచిపనే చేస్తున్నాననుకున్నానండి.”

మొగిలి కుర్చీలో కూలబడ్డాడు. తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు. ఆమెకు తెలుసు. ట్రయల్ పోతుందని, తను నడవాల్సి వస్తుందని, ఆ గుట్ట ఎంత ఎత్తో అన్నీ తెలిసే వచ్చి అడిగింది. ఆమె నడవకూడదని అతను అబద్ధం ఆడాడు. అతను దగ్గకూడదని ఆమె అతని అబద్ధాన్ని కొట్టేసింది. ఒక్క గదిలో, ఒక్క చాప మీద పడుకునే ఇద్దరు మనుషులు ఈ సంగతి ఎదురెదురుగా మాట్లాడుకోలేకపోయారు. ఇంట్లో తను మేనేజరును తిడుతుంటే ఆమె తల వంచుకుని కూరగాయలు తరగడం గుర్తొచ్చి, మానిపోయిన తన అరచేతుల్లో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఆమె చనిపోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆ వారంలోనే దినేష్ పైవాళ్లతో పోట్లాడి బగ్గీ వెనకాల స్టిక్కరు గీకించేశాడు. ఇకమీదట క్యాంపస్‌లో పనిచేసే ఎవరైనా ఎక్కవచ్చు. ముందుగా వచ్చే హౌస్‌కీపింగువాళ్ల కోసం ఉద్యోగులకన్నా ముందే ఒక ట్రిప్పు వేయమన్నాడు.

మర్నాడు పొద్దున మొగిలి గేటు దగ్గర బండి పెట్టుకుని నిలబడ్డాడు. నీలం కోట్లు వేసుకున్న ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. బండిని చూశారు, అతన్ని చూశారు. ఎవరూ ఎక్కలేదు.

“ఎక్కుండ్రి” అన్నాడు.

“వద్దన్నా. మేం నడుస్తం” అంది ఎల్లమ్మ. “అక్క నడిచిన తొవ్వల బండెక్కి కూసోను మనసొప్పుతలేదు.”

వాళ్లు నడక మొదలుపెట్టారు. మొగిలి ఖాళీ బండిని వాళ్ల పక్కనే, వాళ్ల నడకతో సమానంగా నడిపించాడు. ఎక్కుండ్రమ్మా, ఎక్కుండ్రి అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. వాళ్లు తల వంచుకుని నడుస్తున్నారు. మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇక పట్టలేక బండి అడ్డంగా ఆపేశాడు.

“మీల ఎవరికన్న ఏమన్న నొప్పి ఉందా? ఆయాసమున్నదా? ఉంటే చెప్పుండ్రి. మీ కాళ్లు మొక్కుత, దాచుకోకుండ్రి. అది దాచుకోనే పాయె.”

తర్వాత ఎల్లమ్మ చీర కొంగుతో మూతి తుడుచుకుని, “నాకు మోకాళ్లన్నా. శానా ఏండ్ల సంది” అంది. అని బండెక్కింది. ఆమె వెనక ఒకామె, కానుపులో తప్పిన నడుము ఇప్పటికీ కుదురుకోలేదంది. ఒకామెకు షుగరు, అరికాళ్లు మొద్దుబారుతాయి. ఒక చిన్నపిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, తనకు మూడో నెల అనీ, సూపర్‌వైజరుకు చెప్పొద్దనీ గొణిగింది. ఒక్కొక్కరే తమ నొప్పి చెప్పి ఎక్కుతున్నారు. సీట్లు చాలక ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు.

మొగిలి వాళ్లందరినీ తేరిపార చూశాడు. ఇన్నేళ్లూ రోజూ వాళ్ల పక్కనుంచే బండి తోలుకుంటూ పోయాడు.

“ఇన్నేండ్ల నుంచి ఒక్కరన్న ఒక్క మాట చెప్పకపోతిరి” అన్నాడు.

“ఎవరడిగిన్రన్నా?” అంది ఎల్లమ్మ.

మొగిలి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరూ తొందర పెట్టలేదు, బండి దిగి నడిచిపోనూ లేదు. అతని ఏడుపు తీరేదాకా అలాగే కూర్చున్నారు.